అభ్యంతరం లేకపోతే

మా బిల్డింగ్‌లో ఎవరితో ఎవరూ మాట్లాడాల్సిన పని లేకుండానే అన్నీ జరిగిపోయేవి. కింద తలుపు పక్కన ఒక బోర్డు ఉండేది. ఇంటి మేనేజ్‌మెంట్ వాళ్ళు దాని మీద కాగితం గుచ్చిపోయేవారు: ఫలానా పని చేయబోతున్నాం, అభ్యంతరం ఉన్నవాళ్ళు ఫలానా తేదీలోపు కింది గీత మీద పేరు రాయండి, ఎవరూ రాయకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. సైకిళ్ళ గది తాళం మార్చినా అంతే, వెనక చెట్టు కొమ్మలు కొట్టించినా అంతే. నేను హన్మకొండ మనిషిని. మా వాడలో ఒక నల్లా బిగించాలంటే అందరూ వీధిలోకి వచ్చి అరుచుకోవాలి, ఒకరు అలగాలి, ఇంకొకరు బతిమాలాలి. ఇదేం ఊరురా నాయనా, నోరు విప్పకుండా కాపురాలు చేస్తున్నారు అనుకునేదాన్ని.

స్టుట్‌గార్ట్‌కు ఎస్-బాన్ రైల్లో అరగంట దూరం మా ఊరు. మా ఆయన కార్లకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో పనిచేసేవాడు. నాది అలాంటి సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం. ఆఫీసులో పట్టేవి చాలక ఇంట్లో కూడా పడతానని ఆయన ఏడుపు. కరోనా వచ్చాక ఇద్దరం వంటింటి బల్లకు చెరోవైపు కూర్చున్నాం. పసిపిల్లల బడి, ఇక్కడి వాళ్ళ కీటా, మూసేయడంతో మా పాప బల్ల కిందకు చేరింది. ఆఫీసు ఫోన్లలో నేను జర్మన్‌లో వినయంగా మాట్లాడుతుంటే, కింద నుంచి నా కాలి వేళ్ళకు స్కెచ్ పెన్నులతో రంగులు వేసేది.

ఆ రోజుల్లో మనుషుల ముఖాలు కనబడే చోటు మెట్లు ఒక్కటే. ఆ ప్రాంతంలో వారానికొక ఇంటివాళ్ళు మెట్లు ఊడ్చి తుడవాలి. ఎవరి వంతు వస్తే వాళ్ళ తలుపుకు చిన్న చెక్కపలక వేలాడుతుంది. ఊడ్చేవాళ్ళు మధ్యలో ఉంటే ఎక్కేవాళ్ళు పైన, దిగేవాళ్ళు కింద ఆగిపోయేవారు, మాస్కుల్లోంచే రెండు మాటలు అయ్యేవి. బాజీతో నాకు స్నేహం కుదిరింది అలాగే.

బాజీ, అంటే ఉర్దూలో అక్క, కింద అంతస్తులో ఉండేది. అఫ్ఘాన్ మనిషి, నాకంటే ఓ పదిహేనేళ్ళు పెద్ద. స్టేషన్ దగ్గర బట్టలు సరిచేసే చిన్న దుకాణం నడిపేది. భర్త పార్సిళ్ళ వ్యాను నడిపేవాడు, ఎప్పుడూ రోడ్డు మీదే. చిన్నప్పుడు పెషావర్‌లో శరణార్థిగా పెరిగింది కాబట్టి ఆమెకు ఉర్దూ వచ్చు. నాకు మా హైదరాబాదీ ఉర్దూ వచ్చు. ఇక్కడ తెలుగులో రాస్తున్నానే గానీ మా మాటలన్నీ అందులోనే. మొదటిసారి ఆమె నా చేతిలో తుడుపుకర్ర లాక్కోబోతే "నక్కో బాజీ, నక్కో" అన్నాను. ఆమె అక్కడే మెట్టు మీద కూలబడి నవ్వింది.

"నక్కో ఏమిటే? వద్దు అనడానికి ఇంత ముద్దు మాట ఎవరు నేర్పారు నీకు?"

"మా ఊళ్ళో కూరగాయల వాళ్ళు నేర్పారు. ఎందుకు నవ్వుతారు?"

"ఇంత మెత్తగా వద్దంటే ఎవరు ఆగుతారు పిచ్చిపిల్లా!" అంది. ఆ తర్వాత నన్ను ఎప్పుడు చూసినా ముందు "నక్కో?" అనే పలకరించేది. మా పాప కూడా తిండి దగ్గర అదే పట్టుకుంది.

బాజీకి ఒక తమ్ముడు. తల్లి పోయాక ఎత్తుకుని పెంచింది. అతను మజార్-ఎ-షరీఫ్ దగ్గర జర్మన్ సైన్యం శిబిరంలో చాలా ఏళ్ళు దుబాసీగా పనిచేశాడు. ఊరి పెద్దల మాట ఆఫీసరుకు, ఆఫీసరు మాట ఊరి పెద్దలకు చేరవేయడం అతని పని. అలా పనిచేసిన వాళ్ళను అవతలి వాళ్ళు వెతికి చంపుతారని అందరికీ తెలిసిందే. ఇంటి గోడ మీద ఒకసారి అతని పేరు రాసి పోయారట. బాజీ కాగితాల కోసం తిరగ్గా తిరగ్గా, ఆ శీతాకాలంలో చివరికి అతనికీ, భార్యకూ, కొడుక్కూ వీసాలు వచ్చాయి. ఆ రోజు బాజీ మా తలుపు కొట్టి, దూరం, మాస్కు అన్నీ మరిచిపోయి నన్ను వాటేసుకుంది. "వచ్చేస్తాడే! నా బిడ్డ వచ్చేస్తాడు!"

ఆ వారమే కింద సెల్లార్ నడవాలో సామాను చేరడం మొదలైంది. బాజీ రెండు పరుపులు తెచ్చి ప్లాస్టిక్‌లో చుట్టి నిలబెట్టింది. అతని కొడుకు కోసం ఎవరో వదిలేసిన చిన్న ఎర్ర సైకిల్ దొరికితే తెచ్చి గొలుసుకు నూనె వేసి పెట్టింది. అతని భార్య మళ్ళీ నీళ్ళోసుకుందని తెలిసి మేము మా పాప ఉయ్యాల మంచం విప్పి కిందకు దించాం. అది ఇచ్చేయడానికి పాప ఒక షరతు పెట్టింది: బేబీ వచ్చాక పేరు తనే పెట్టాలట.

తమ్ముణ్ణి నేను బాజీ ఫోన్‌లో చూసేదాన్ని. నవ్వు ముఖం, గడ్డం సగం నెరిసింది. అతని జర్మన్ వింటే మా ఇద్దరికీ సిగ్గేసేది. ఇన్నేళ్ళుగా ఇక్కడ పన్నులు కడుతున్న మాకంటే అతనే శుభ్రంగా మాట్లాడేవాడు. వీసా చేతిలో ఉన్నా అతను బయలుదేరలేదు. భార్యకు ముందొక కాన్పు పోయింది, ఈసారి కదలొద్దని డాక్టరమ్మ చెప్పింది. పైగా కరోనా. బిడ్డ పుట్టాక అందరం కలిసి వస్తామన్నాడు.

"సైన్యాలు వెళ్ళిపోతాయంటున్నారు రా, ఇప్పుడే బయలుదేరు" అని బాజీ మొత్తుకునేది.

సైన్యాలు వెళ్ళాలా ఉండాలా అన్నది తేల్చాల్సింది బ్రస్సెల్స్‌లో కూర్చునే మండలి. ఆ దేశంలోకి కలిసి దిగిన దేశాలన్నీ ఒక సైనిక కూటమి. ఆ కూటమికి పెద్ద తలకాయ ఈ మండలి. ముప్పై దేశాల రాయబారులు అందులో ఉంటారు. ముప్పై మందీ సరే అంటే గానీ ఏదీ కదలదు. ఈ సంగతి నాకు చెప్పింది తమ్ముడే.

"ఆపా, మీరే చెప్పండి మా అక్కకు" అని నవ్వాడు, నన్ను కూడా అక్కను చేసి. "మా దగ్గర ఒక కాలువ నీళ్ళ వాటా తేల్చడానికి పెద్దలు జిర్గాకు కూర్చుంటే, యాపిల్ పూత పూసి, కాయ కాసి, కోత కూడా అయిపోయేది. టీ తాగేవారు, అలిగి లేచిపోయేవారు, మళ్ళీ వచ్చేవారు. నేను పక్కన కూర్చుని అంతా అనువాదం చేసేవాణ్ణి. ఇక్కడ ముప్పై దేశాలు! బిడ్డ పుట్టి నడక నేర్చినా వాళ్ళు తేల్చరు."

నాకు ఆ మాట సబబుగానే తోచింది. మా చిన్నాన్న కూతురి పెళ్ళి మాటల్లో విందుకు ముద్దపప్పా మామిడికాయ పప్పా అన్న దగ్గర రెండు కుటుంబాలు ఒక ఆదివారం మొత్తం కొట్టుకున్నాయి. మా ఆయన మాత్రం ల్యాప్‌టాప్ మూసి నా వైపు చూశాడు.

"వీసా చేతిల పెట్టుకొని ఆగుడేందే? నాకైతే భయమైతాంది."

"నిండు మనిషిని ఇమానం ఎట్ల ఎక్కిస్తడు? ఒకటి పోగొట్టుకున్న తల్లి. ఏమన్న అయితే ఎవల్ది పూచీ?"

"గది గూడ నిజమే" అని ఆయన మళ్ళీ తెర తెరిచాడు.

ఆ ఫిబ్రవరిలో మండలి ఒకసారి కూర్చుంది. కూర్చోవడమంటే అప్పుడు తెరల మీదే. మంత్రులంతా ఎవరి దేశంలో వాళ్ళుండి మాట్లాడుకుని, ఏమీ తేల్చకుండా తర్వాత చూద్దామని లేచారు. ఆ వార్త రాగానే తమ్ముడు ఫోన్ చేశాడు. "చూశారా? నేను చెప్పలేదూ? ఇది జిర్గాయే!" బాజీ కూడా ఆ రోజు నవ్వింది. సాయంత్రం యాలకులు వేసిన పాయసం లాంటిది చేసి మా గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టి కిందకు దిగిపోయింది.

ఏప్రిల్‌లో ఒకరోజు పెద్దన్న దేశం సెప్టెంబరుకల్లా మేం వెళ్ళిపోతున్నాం అంది. అదే రోజు మండలి కూడా మేమందరం కలిసి వచ్చాం, కలిసే వెళ్తాం అని ప్రకటన చేసింది. ఒక్క రోజులో! వినగానే నాకు చెయ్యి కాలింది. నిజంగానే, చపాతీ మీద ధ్యాస లేక.

ఆ వారం మెట్ల వంతు బాజీది. నేను చెత్తబుట్ట పట్టుకుని దిగేసరికి ఆమె కింద చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఊడవడం లేదు. అప్పుడే మా పై అంతస్తు పెద్దాయన కూరగాయల సంచితో లోపలికి వచ్చాడు. మా ఆయన ఆయనకు రాయబారి గారు అని పేరు పెట్టాడు, ఊరికే కాదు. రిటైరయ్యే ముందు ఆయన బ్రస్సెల్స్‌లో, అదే మండలిలో, జర్మన్ రాయబారి వెనక కుర్చీలో ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి. నిటారుగా నడిచేవాడు, బాజీ ఊళ్ళో లేనప్పుడు ఆమె మొక్కలకు నీళ్ళు పోసేవాడు. మంచాయనే.

బాజీ తనకు వచ్చిన కొద్దిపాటి జర్మన్‌లో ఆయన్ని అడిగింది. "ముప్పై దేశాలు. ఒక్క రోజు. ఎలా?"

ఆయన సంచి కింద పెట్టాడు. చెప్పడం ఆయనకు ఇష్టమని గొంతులోనే తెలిసింది. "అక్కడ ఓటింగ్ ఉండదమ్మా. నేనున్నన్నాళ్ళలో ఒక్క చెయ్యి పైకి లేవడం చూడలేదు. ముందు కాగితం తయారవుతుంది. అన్ని దేశాల ఆఫీసులకూ పంపుతారు. దానికొక గడువు పెడతారు. గడువులోపు ఎవరూ మౌనం విరవకపోతే అదే నిర్ణయం. మౌనం విరవడం అని మేమలాగే అనేవాళ్ళం."

"ఎవరు విరవాలి?" అని నేను అడిగాను.

"ఎవరైనా సరే. ఎంత చిన్న దేశమైనా ఒక్కటి విరిస్తే చాలు, ఆగిపోతుంది. చాలా అందమైన పద్ధతి. ఎవరికీ అవమానం ఉండదు."

"మరి ఈసారి ఒక్కరూ విరవలేదా?"

"ఈసారి ఏ పద్ధతిలో చేశారో నాకు తెలియదు. నేనక్కడ లేను కదా. కానీ పెద్ద దేశం వెళ్తానన్నాక మిగతావాళ్ళు ఎలా ఉండగలరు? విమానాలు వాళ్ళవి, ఆసుపత్రి వాళ్ళది. విరిచి ఏం చేస్తారు?"

నాకు ఒళ్ళు మండింది. "మా దగ్గర మౌనం అర్ధాంగీకారం అంటారు. సగమే! మిగతా సగానికి మనిషి నోరు తెరవాలి."

"మా దగ్గర పూర్తిగానే లెక్క" అన్నాడాయన మెల్లగా. అప్పుడు బాజీ ముఖం చూశాడు. ఆమె తమ్ముడి సంగతి ఆయనకు తెలుసు. సంచి ఎత్తుకుని, క్షమించండి అన్నట్టు ఏదో గొణిగి పైకి వెళ్ళాడు.

ఆయన వెనక నేను తెలుగులో అరిచాను. ముప్పై మందిలో ఒక్కరికి నోరు లేదా, నోట్లో నాలుకలున్నయా గడ్డి పెట్టుకున్నరా అని. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా ఒక మెట్టు మీద ఆగాడు. పాప తలుపు తీసి, ఎందుకు అరుస్తున్నావమ్మా అని జర్మన్‌లో అడిగింది. బాజీ వంగి ఊడవడం మొదలుపెట్టింది. ఊడ్చిన మెట్టునే మళ్ళీ మళ్ళీ ఊడ్చింది.

ఆ సాయంత్రం నన్ను పక్కన పెట్టుకుని బాజీ ఫోన్‌లో ఇదంతా తమ్ముడికి చెప్పింది. అతను కొడుకును పక్క గదిలోకి పంపాడు. తర్వాత, "మా పెద్దలు జిర్గాలో మాట్లాడకుండా కూర్చుంటే ఒప్పుకోలేదని అర్థం ఆపా. ఆఫీసర్లకు నేను ఎప్పుడూ అదే చెప్పేవాణ్ణి. వాళ్ళు మౌనంగా ఉన్నారు సార్, ఒప్పుకోవడం లేదు, ఇంకా మాట్లాడండి అని" అన్నాడు. అతని నవ్వు ముఖం అప్పుడు కూడా పూర్తిగా పోలేదు, అలవాటు కొద్దీ పెదాల మీద ఉండిపోయింది.

అప్పటికి భార్యకు నెలలు నిండుతున్నాయి. ఆ స్థితిలో ఏ విమానం వాళ్ళూ ఎక్కించుకోరు. నువ్వు పిల్లవాణ్ణి తీసుకుని ముందు వచ్చెయ్యి అని బాజీ అంటే అతను ఒప్పుకోలేదు. ఎవరు ఒప్పుకుంటారు?

అవి మా ఇంట్లోనూ ఏడుపు రోజులే. హైదరాబాద్‌లో రెండో వేవ్. ఎవరికి ఆక్సిజన్ కావాలి, ఎక్కడ మంచం దొరుకుతుంది అని మా ఫోన్లు మోగుతూనే ఉండేవి. నన్ను చంకనేసుకుని తిరిగిన మా మేనత్త ఆ నెలలో పోయింది. వీడియోలో చూశాను, అంతే. నేను ఏడుస్తుంటే బాజీ వచ్చి మా గుమ్మం అవతల నేల మీద కూర్చుంది. లోపలికి రాకూడదు కదా. గుమ్మానికి ఇటు నేను, అటు ఆమె. కాసేపయ్యాక లేచి, అన్నం పంపిస్తాను తిను అని వెళ్ళింది.

జూన్‌లో తమ్ముడికి ఆడపిల్ల పుట్టింది. మా పాప ఎగిరి గంతేసి ఏదో కార్టూన్ గుర్రంపిల్ల పేరు పెట్టింది. ఆ పేరు విని తమ్ముడు పడీ పడీ నవ్వి, ఇంట్లో అదే పిలుస్తామన్నాడు. అప్పుడు తెలిసిన సంగతి, పసిబిడ్డకు వేరే వీసా కావాలి. దానికి టెర్మిన్, అంటే ఆఫీసు వాళ్ళు ముందుగా ఇచ్చే సమయం, కావాలి. టెర్మిన్ ఇచ్చే ఆఫీసు ఆ దేశంలో లేదు. ఢిల్లీకో ఇస్లామాబాద్‌కో పోవాలి. ఢిల్లీ ఇంకా చితుల నుంచి తేరుకోలేదు, సరిహద్దులు కరోనాకు మూసేశారు. మా ఆయన కూర్చుని తప్పుల్లేని జర్మన్‌లో మెయిళ్ళు రాశాడు. మీ మెయిల్ అందింది, దయచేసి మళ్ళీ రాయకండి అని ఒకే జవాబు వచ్చేది. రాయబారి గారు కూడా కిందకు దిగి వచ్చి, మాస్కు మీద కళ్ళజోడు పెట్టుకుని, ఆ మెయిళ్ళలో మాటలు మార్చి మరింత గౌరవంగా రాయించాడు. గౌరవంగా రాసినదానికీ అదే జవాబు.

చెప్పిన గడువుకంటే ముందే, ఆ నెలాఖరుకే, జర్మన్ సైన్యం మజార్ నుంచి వచ్చేసింది. శిబిరంలో చనిపోయినవాళ్ళ గుర్తుగా పెట్టుకున్న పెద్ద బండరాయిని కూడా విమానంలో తెచ్చుకున్నారని పేపర్లో చదివి నేను పేపర్ విసిరి కొట్టాను.

"బండరాయికి సీటు దొరికింది. పసిగుడ్డుకు కాగితం లేదట! ఏరు దాటి తెప్ప తగలేసుడంటే గిదే."

"సచ్చిపోయినోళ్ళ కోసం పెట్టిన రాయే గది. గట్లనకు, పాపం తగుల్తది" అన్నాడు మా ఆయన. పాపం తగలాల్సింది నాకేనా అని ఆయన మీద కూడా అరిచాను. ఆయన ఏం చేస్తాడు, పేపర్ తీసి మడత పెట్టాడు.

ఆగస్టులో మజార్ ఆ అవతలి వాళ్ళ చేతిలోకి పోయింది. అంతకు కొంచెం ముందే తమ్ముడు కుటుంబాన్ని తీసుకుని కాబూల్ చేరాడు. ఎయిర్‌పోర్టు గేట్ల దగ్గర ఏం జరిగిందో లోకమంతా టీవీలో చూసింది, నేను రాయక్కరలేదు. బాజీ దుకాణం మూసి, మెట్ల మీదే కూర్చుంది. ఇంట్లో సిగ్నల్ సరిగా రాదని. ఆమె పక్కన నేను, రెండు మెట్ల పైన మా పాప. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని ముగ్గురం దాన్నే చూసేవాళ్ళం.

చివరి వాయిస్ మెసేజ్ ఒక మధ్యాహ్నం వచ్చింది. జనం కేకలు, వాటి మధ్య పసిపిల్ల ఏడుపు. "బాజీ, పాస్‌పోర్టులు పైకెత్తి పట్టుకున్నాం. సైనికులు కనబడుతున్నారు. నేను జర్మన్‌లో అరుస్తున్నాను. మీతో పనిచేశాను, మీతో పనిచేశాను అని అరుస్తున్నాను. ఎవరూ ఇటు చూడటం లేదు. నీళ్ళు అయిపోయాయి. మళ్ళీ చేస్తాను." నోరుంటే తల గాస్తది అనేది మా నాయనమ్మ. ఆ మనిషికి నాలుగు భాషల నోరుంది.

బాజీ వెంటనే జవాబు పంపింది. దానికి ఒక్క బూడిద రంగు టిక్కు పడింది. రెండోది పడలేదు.

ఆ రోజుల్లో రాయబారి గారు కిందకు వచ్చి మా మెట్ల మీద కూర్చున్నాడు. అలా నేల మీద కూర్చోవడం అంతకుముందు చూడలేదు. ఒళ్ళో పాత ఫోన్ నంబర్ల పుస్తకం. అన్ని దేశాల్లోనూ ఆయనకు తెలిసినవాళ్ళు ఉన్నారు. అందరికీ చేశాడు. ఫ్రెంచ్‌లో మాట్లాడాడు, ఇంగ్లిష్‌లో బతిమాలాడు. కొందరు ఎత్తలేదు. ఎత్తినవాళ్ళు ఒకటే మాట చెప్పారట: చాలా బాధగా ఉంది, కానీ అది మండలి నిర్ణయం, మా ఒక్కరిది కాదు. ఆ మాట మాకు చెప్పి ఆయన పుస్తకం మూశాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారే, ఆ పిడికెడు కూడా ఎవరి చేతిలోనూ కనబడలేదు నాకు. ఆయన మీద అరుద్దామనుకుని కూడా అరవలేకపోయాను.

చివరి విమానం వెళ్ళిపోయింది. సెప్టెంబరు వచ్చింది. బాజీ దుకాణం తెరిచింది. టీకా సర్టిఫికెట్ చూపించి లోపలికి వచ్చిన వాళ్ళ ప్యాంట్లు పొట్టి చేసి, జిప్పులు మార్చి ఇస్తోంది. తమ్ముడి మాట ఎత్తదు. నేను ఎత్తితే, "ఫోన్ పోయి ఉంటుంది" అంటుంది. దుకాణానికి వెళ్ళినప్పుడు చూశాను, కుట్టుమిషను పక్కన ఫోన్ అతని మెసేజ్ దగ్గరే తెరిచి ఉంటుంది. ఆరిపోతే వేలితో ముట్టుకుని మళ్ళీ వెలిగిస్తుంది.

అక్టోబరులో కింద బోర్డు మీద కొత్త కాగితం పడింది. నిప్పు ప్రమాదాల తనిఖీ ఉంది, సెల్లార్ నడవాలో ఉన్న సామానంతా నెలాఖరుకు తీసేసి పారబోస్తాం, అభ్యంతరం ఉన్నవాళ్ళు కింది గీత మీద పేరు రాయండి. ఎవరూ రాయకపోతే అందరూ ఒప్పుకున్నట్టే.

నడవాలో ఉన్నది మరెవరి సామానూ కాదు. రెండు పరుపులు, ఎర్ర సైకిల్, మా ఉయ్యాల మంచం.

నాకు చర్రున కోపం వచ్చింది. పైకి పరిగెత్తి పెన్ను తెచ్చాను. ఈ బిల్డింగ్‌లో ఒక్కసారైనా ఎవరో ఒకరు విరవాలి, అది నేనే విరుస్తాను అనుకున్నాను. పరుపులు మా గదిలో పెట్టుకుంటాను, సైకిల్ బాల్కనీలో కడతాను, ఏదో ఒకటి చేస్తాను. పెన్ను మూత తీసి గీత మీద పెట్టబోతుంటే వెనక చీపురు చప్పుడు ఆగింది. ఆ వారం మళ్ళీ బాజీ వంతు.

"బాజీ, నేను రాస్తున్నాను. వాళ్ళు వచ్చేదాకా ఎక్కడో ఒకచోట సర్దుదాం" అన్నాను.

ఆమె వచ్చి కాగితం చదివింది. జర్మన్ చదవడం ఆమెకు కష్టం, వేలు పెట్టి మెల్లగా చదివింది. గీత దగ్గరికి వచ్చేసరికి వేలు అక్కడే ఉంచింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని కిందకు దించింది. చెయ్యి చల్లగా ఉంది, వేళ్ళ చివర సూది గుచ్చుకున్న గట్టి చర్మం.

"నక్కో" అంది.

నవ్వుతుందేమోనని ముఖం చూశాను. నవ్వలేదు. చీపురు తీసుకుని మెట్లు ఊడవడానికి వెళ్ళింది.

నెలాఖరు దాటింది. ఆ గీత మీద ఎవరి పేరూ లేదు. ఒక పొద్దున మునిసిపాలిటీ లారీ వచ్చింది. మా పాప కిటికీలోంచి చూస్తూ, అమ్మా, బేబీ మంచం ఎందుకు తీసుకెళ్తున్నారు అని అరిచింది. కింద బాజీ దుకాణానికి బయలుదేరుతూ లారీకి దారి ఇవ్వడానికి గోడ వారకు జరిగి నిలబడింది.